ఫెడరల్ కాంట్రాక్టుల్లో జీతాల క్యాప్: మొదటి నుంచి చివరి దాకా లెక్క వేసే పద్ధతి

జనవరి నుంచి డిసెంబర్ వరకు లెక్క రాసుకునే అమెరికా ఫెడరల్ కాంట్రాక్టర్లకు జూన్ 30 పెద్ద గండం. గడిచిన ఏడాది అసలు ఖర్చుల చిట్టా, అదే ఇన్‌కర్డ్ కాస్ట్ సబ్మిషన్, ఆ రోజులోగా ప్రభుత్వానికి చేరాలి. అందులో ఒక్కో ఉద్యోగి జీతంలో ప్రభుత్వం మీద వేయగలిగేదానికి ఉన్న హద్దునే క్యాప్ అంటారు. ఏటా జూన్ మూడో వారంలో నాకు ఇలాంటి ఫోన్ ఒకటైనా వస్తుంది.

“మా ప్రెసిడెంట్ గారి డబ్ల్యూ-2 పన్ను ఫారంలో 6,20,000 డాలర్లే ఉందండీ. 2024 క్యాప్ 6,46,000 కదా, ఇక ఆ క్యాప్ లెక్క షీట్ నింపక్కర్లేదేమో?”

“బోనస్ ఎప్పుడిచ్చారు?”

“మార్చిలో.”

“అది ఏ ఏడాది పనికి?”

అవతల కీబోర్డ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

వర్జీనియాలో ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ వైపు ఐటీ సర్వీసుల కంపెనీలు పెట్టుకున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. మొదట ఎవరి కిందో సబ్‌కాంట్రాక్టర్‌గా చేరి, సొంతంగా మొదటి కాస్ట్ ప్లస్ కాంట్రాక్ట్ (అయిన ఖర్చుకు కొంత ఫీజు కలిపి ప్రభుత్వం ఇచ్చేది) గెలిచిన రోజున ఆఫీసులో స్వీట్లు పంచుతారు. ఆ కాంట్రాక్టుతో పాటు వచ్చే లెక్కల నియమాలు మాత్రం ఆడిటర్ వచ్చి కూర్చున్నాకే తెలుస్తాయి. ఇది వాళ్ల కోసం, వాళ్ల దగ్గర పుస్తకాలు రాసే అకౌంటెంట్ల కోసం.

1. ముందు క్యాప్ అంటే ఏమిటో సరిగ్గా అర్థం చేసుకోండి

చాలామంది అనుకునేదేమిటంటే, కాంట్రాక్టర్ తన ఉద్యోగికి ఇంతకు మించి జీతం ఇవ్వకూడదని. కాదు. మీరు కోటి డాలర్లు ఇచ్చినా అడిగేవాడు లేడు. అందులో ఎంత ప్రభుత్వం మీద వేయొచ్చు అన్నదానికే హద్దు. పైది మీ లాభంలోంచి పోతుంది, అంతే.

ఈ హద్దు వెనక పెద్ద కథే ఉంది. 1997లో చేసిన చట్టం ప్రకారం, ఏటా 5 కోట్ల డాలర్లకు మించి అమ్మకాలున్న, స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీల్లో పెద్ద ఎగ్జిక్యూటివ్‌లకు ఎంత ముడుతోందో చూసి, ఆ మొత్తాల్లో సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని క్యాప్‌గా పెట్టేవారు. 1998లో అది 3,40,650 డాలర్లు. వినడానికి సబబుగానే ఉంది. కానీ కార్పొరేట్ పెద్దల జీతాలు పెరిగిన కొద్దీ క్యాప్ కూడా దానంతట అదే పెరుగుతూ పోయింది. 2011కి 7,63,029. 2012కి ఒక్కసారిగా 9,52,308. అమెరికా అధ్యక్షుడి జీతం 4,00,000 డాలర్లు. ఆయన ప్రభుత్వానికి పనిచేసే కాంట్రాక్టర్ మీద ప్రజల పన్నుల్లోంచి అంతకు రెట్టింపు పైన పోతోందని సెనేట్‌లో గొడవ మొదలైంది. రిపబ్లికన్ చక్ గ్రాస్లీ, డెమొక్రాట్లు బార్బరా బాక్సర్, జో మాంచిన్ కలిసి దీన్ని ఉపాధ్యక్షుడి జీతం, అంటే 2,30,700 డాలర్ల దగ్గర ఆపాలని బిల్లు పెట్టారు. అది నెగ్గలేదు. చివరికి 2013 డిసెంబర్లో వచ్చిన ద్వైపాక్షిక బడ్జెట్ చట్టంలో మధ్యేమార్గంగా 4,87,000 డాలర్లకు దించారు.

నా దృష్టిలో అంకె దించడం కన్నా పెద్ద మార్పు, దాన్ని దేనికి కట్టారన్నది. అప్పటి నుంచి క్యాప్ పెద్ద బాసుల జీతాలను చూసి పెరగదు. కార్మిక శాఖ లెక్కగట్టే ఎంప్లాయ్‌మెంట్ కాస్ట్ ఇండెక్స్‌ను, అంటే మామూలు ఉద్యోగులందరి జీతభత్యాల ఖర్చును చూసి పెరుగుతుంది. 2022కి 5,89,000, 2023కి 6,19,000, 2024కి 6,46,000, 2025కి 6,71,000.

రెండో మార్పు, ఇది ఎవరికి వర్తిస్తుందన్నది. పాత రోజుల్లో పైనున్న అయిదుగురు ఎగ్జిక్యూటివ్‌లకే. 2012 రక్షణ చట్టంతో రక్షణ శాఖ కాంట్రాక్టుల్లో ఉద్యోగులందరికీ, 2013 చట్టంతో మిగతా శాఖలకూ పాకింది. ఇప్పుడు మీ ప్రెసిడెంట్ గారికీ, మీ సేల్స్ డైరెక్టర్‌కీ, మీ చీఫ్ ఆర్కిటెక్ట్‌కీ ఒకటే గీత.

2. మీకు వర్తిస్తుందో లేదో తేల్చుకోండి

నియమం ఉన్నది ఫార్ 31.205-6, పేరా పి లో. ఫార్ అంటే ఫెడరల్ కొనుగోళ్ల నిబంధనావళి. మీ కాంట్రాక్టు కాస్ట్ రీయింబర్స్‌మెంట్ రకమైతే, అంటే కాస్ట్ ప్లస్ లాగా అయిన ఖర్చును ప్రభుత్వం తిరిగిచ్చేదైతే, వర్తిస్తుంది, చర్చ అక్కర్లేదు. ఫిక్స్‌డ్ ప్రైస్ అయినా, ధర తేల్చడానికి ప్రభుత్వం మీ ఖర్చులను విడివిడిగా పరిశీలిస్తే, ఆ ప్రపోజల్‌లో వేసే జీతాలకూ వర్తిస్తుంది. పోటీలో వచ్చిన ఫిక్స్‌డ్ ధర, బజారులో అందరికీ అమ్మే సరుకు, సేవ అయితే దీని జోలికి పోనక్కర్లేదు.

కొత్త క్యాప్ 2014 జూన్ 24న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చిన కాంట్రాక్టులకు. అంతకు ముందువి ఇంకా బతికుంటే పాత పద్ధతే. ఇవాళ అలాంటివి ఎక్కడో తప్ప కనపడవు.

ఒక్క కాస్ట్ ప్లస్ కాంట్రాక్టు ఉన్నా చాలు, కంపెనీ మొత్తానికి లెక్క వేయాల్సిందే. ఎందుకంటే ఆఫీసు పెద్దల జీతాలు జీ అండ్ ఏ పూల్‌లోకి, అంటే కంపెనీ మొత్తానికయ్యే పరిపాలనా ఖర్చుల కుప్పలోకి వెళ్లి, అక్కడి నుంచి ప్రతి కాంట్రాక్టు మీదా కొంత కొంత పడతాయి.

3. మనుషుల జాబితా, ఒక్కొక్కరి కింద అంకెలు

ఇక్కడే తప్పులు జరుగుతాయి, కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

పేరోల్ రిపోర్టులోంచి ఏడాది మొత్తానికి 4 లక్షల డాలర్లు దాటిన ప్రతి ఒక్కర్నీ బయటికి తీయండి. క్యాప్‌కు చాలా కిందే ఉన్నట్టు అనిపిస్తుంది, కావాలనే అలా పెట్టాను. బోనస్, ఇతర జమలు కలిపాక పైకి తేలేవాళ్లు దాంట్లోంచే వస్తారు.

ఒక్కొక్కరికీ ఈ నాలుగూ కలపాలి: జీతం, బోనస్, వాయిదా వేసిన చెల్లింపులు, రిటైర్మెంట్ ప్లాన్‌లో కంపెనీ వేసిన వాటా. 401కే మ్యాచ్ దీంట్లోకే వస్తుంది. కంపెనీ ఈసాప్ (ఉద్యోగులకు కంపెనీ షేర్లు ఇచ్చే ప్లాన్) నడుపుతుంటే దాని వాటా కూడా. ఉద్యోగి సొంతంగా 401కేలో వేసుకున్నది జీతంలోనే ఉంది, మళ్లీ కలపకండి.

కలపకూడనిది: కంపెనీ కట్టే హెల్త్ ఇన్సూరెన్స్. ఇది క్యాప్ లెక్కలోకి రాదు. నిర్ణీత పెన్షన్ ఇచ్చే పాత రకం ప్లాన్‌లో కంపెనీ వేసేదీ రాదు. షేర్ ధర పెరుగుదలకు ముడిపెట్టిన స్టాక్ ఆప్షన్ల సంగతి వేరు. అవి క్యాప్‌తో సంబంధం లేకుండా అసలే చెల్లవు, కాబట్టి వాటిని ముందే పక్కన తీసి పెట్టండి.

ఇక అసలు ముడి. నియమంలో ఉన్న మాట “ఇచ్చినా, సంపాదించినా, జమపడినా” అని. అంటే డబ్బు చేతికి ఎప్పుడొచ్చిందన్నది కాదు, మీ పుస్తకాల్లో ఏ ఏడాది ఖర్చుగా రాశారన్నది చూడాలి. డబ్ల్యూ-2 చూపేది చేతికొచ్చిన డబ్బు. అందుకే డబ్ల్యూ-2 తో క్యాప్ చూడటం అంటే నిరుడు వండిన అన్నంతో ఈ ఏటి బియ్యం లెక్క కట్టడమే. నేను ఇదివరకు పనిచేసిన ఒక చిన్న కంపెనీలో మూడేళ్ల పాటు అలాగే చేశాం. ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ఒక ఏడాది బోనస్ మిస్సయితే ఇంకో ఏడాదిది వచ్చి చేరేది, మొత్తం సరిగ్గానే ఉన్నట్టు కనపడేది. బోనస్ బాగా పెరిగిన ఏడాది ఆడిటర్ పట్టుకున్నాడు. ఆ టెన్షన్‌లో మేనేజర్ గారు నాలుగు రోజులు సరిగ్గా భోజనం చేయలేదు.

4. లెక్క

పైన ఫోన్‌లో విన్న ప్రెసిడెంట్ గారినే తీసుకుందాం, అంకెలన్నీ ఉదాహరణ కోసం. 2024లో నెలనెలా వచ్చిన జీతం మొత్తం 5,20,000. 2024 మార్చిలో చేతికొచ్చిన బోనస్ 1,00,000, కానీ అది 2023 పనికి. కాబట్టి డబ్ల్యూ-2లో, ఆయన సొంత 401కే వాటాను పక్కన పెడితే, 6,20,000. క్యాప్ కిందే ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు పుస్తకాల ప్రకారం. జీతం 5,20,000. 2024 పనికి పెట్టిన, 2025 మార్చిలో ఇచ్చిన బోనస్ 1,50,000. వాయిదా చెల్లింపు 40,000. 401కే మ్యాచ్ 20,000. మొత్తం 7,30,000. క్యాప్ 6,46,000 తీసేస్తే మిగిలింది 84,000. ఇది ప్రభుత్వం మీద పడకూడదు.

ఆ 84,000 మీద కంపెనీ కట్టిన మెడికేర్ పన్ను 1.45 శాతం, దాదాపు 1,218 డాలర్లు, అది కూడా తీసేయాలి. ఖర్చు చెల్లనప్పుడు దాని వల్లే పుట్టిన ఖర్చూ చెల్లదు. సోషల్ సెక్యూరిటీ పన్నుకు ఈ బాధ లేదు. 2024లో 1,68,600 డాలర్ల జీతం దాటాక ఆ పన్నే లేదు కాబట్టి, పైనున్న భాగం మీద అది పడదు.

5. ఎక్కువైనదాన్ని ఎక్కడి నుంచి తీయాలి

చిన్న కంపెనీల్లో ప్రెసిడెంట్ ఉత్త ప్రెసిడెంట్‌గా ఉండడు. ఉదయం కాంట్రాక్ట్ మీద ఆర్కిటెక్ట్‌గా పనిచేస్తాడు, మధ్యాహ్నం బ్యాంకుకు వెళ్తాడు. ఆయన టైమ్‌షీట్‌లో 40 శాతం గంటలు నేరుగా కాంట్రాక్టుకు, 60 శాతం జీ అండ్ ఏకు పడ్డాయనుకోండి. అప్పుడు 84,000లో 33,600 డైరెక్ట్ లేబర్ నుంచి, 50,400 జీ అండ్ ఏ నుంచి తీస్తారు. క్యాప్ ముందు, పంపకం తర్వాత. ఇది తిరగబడి, ప్రతి పూల్‌లోనూ విడివిడిగా చూసి “ఇక్కడ దాటలేదు, అక్కడా దాటలేదు” అని వదిలేసినవాళ్లను చూశాను. మనిషి ఒకడే, క్యాప్ ఒకటే.

చిక్కేమిటంటే బోనసూ, 401కేనూ చాలా కంపెనీల్లో ఫ్రింజ్ పూల్‌లో, అంటే జీతం కాక ఉద్యోగులకు ఇచ్చేవాటి ఖర్చుల కుప్పలో ఉంటాయి. అప్పుడు ఎంత భాగం ఫ్రింజ్‌లోంచి తీయాలి, ఎంత జీతంలోంచి తీయాలి అన్న ప్రశ్న వస్తుంది. సబబైన పద్ధతి ఒకటి ఎంచుకుని, కాగితం మీద రాసి పెట్టుకుని, ఏటా అదే పాటించండి. ఏడాదికో పద్ధతి మారిస్తే, అదీ మీకు లాభం వచ్చేలా మారిస్తే, ఆడిటర్‌కు అది తప్ప ఇంకేదీ కనపడదు.

ఇంకో సూక్ష్మం ఉంది, బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా జారిపడేది. ఆ 33,600 బిల్లులోంచి పోతుంది, కానీ జీ అండ్ ఏ రేటు కట్టే బేస్‌లోంచి, అంటే ఆ పూల్‌ను దేనితో భాగించి రేటు తీస్తారో ఆ మొత్తంలోంచి, పోకూడదు. చెల్లని ఖర్చు కూడా తన వంతు ఓవర్‌హెడ్ తాను మోయాలని నియమం. బేస్‌లోంచి కూడా తీసేస్తే బేస్ చిన్నదవుతుంది, రేటు పెరుగుతుంది, తీసేసిన డబ్బులో కొంత దొడ్డిదారిన ప్రభుత్వం మీదకే వెళ్తుంది. మీకు ఆ ఉద్దేశం లేకపోయినా సరే.

6. క్యాప్ కింద ఉన్నంత మాత్రాన గట్టెక్కినట్టు కాదు

చిన్న కంపెనీల యజమానులకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. క్యాప్ పై హద్దు మాత్రమే. దాని కింద ఇంకో జల్లెడ ఉంది, అదే సబబు. అంటే ఆ పనికి, ఆ సైజు కంపెనీలో, ఆ రంగంలో, ఆ ప్రాంతంలో మామూలుగా ఇచ్చే జీతమేనా అని. ముప్పై మంది ఉన్న కంపెనీ ప్రెసిడెంట్ 6,00,000 తీసుకుంటే క్యాప్ దాటలేదు నిజమే. కానీ అదే సైజు కంపెనీల సర్వేలు 3,50,000 చూపిస్తుంటే ఆడిటర్ మిగతాది ప్రశ్నిస్తాడు. పాతిక మంది, యాభై మంది ఉన్న కంపెనీలు ఎక్కువగా చిక్కుకునేది ఈ జల్లెడ దగ్గరే, క్యాప్ దగ్గర కాదు.

యజమాని, ఆయన భార్య, పిల్లలు జీతాల్లో ఉంటే మరీ జాగ్రత్త. సొంత మనుషులతో నడిచే కంపెనీల్లో జీతం చేసిన పనికి తగ్గదై ఉండాలి, లాభం పంచుకోవడానికి వేసిన వేషం కాకూడదు అని నియమం నేరుగానే చెబుతోంది. ఎస్-కార్ప్ రకం కంపెనీ నుంచి యజమానిగా తీసుకున్న లాభాల వాటా (డిస్ట్రిబ్యూషన్) జీతం కాదు, దాన్ని ఏ పూల్‌లోనూ వేయకండి. అమ్మాయి వేసవి సెలవుల్లో ఆఫీసులో ఫైళ్లు సర్దితే ఆ గంటలకు టైమ్‌షీట్ ఉండాలి, జీతం ఫైళ్లు సర్దే జీతమే ఉండాలి.

బోనస్‌కు ఇంకో షరతు ఉంది. పని చేయకముందే ఒప్పందం గానీ, ఏళ్లుగా పాటిస్తున్న ప్లాన్ గానీ ఉండాలి, ఎవరికి ఎందుకు ఎంతిచ్చారో చూపగలగాలి. డిసెంబర్ 28న లాభం చూసి, పన్ను తగ్గించుకోవడానికి రాసుకున్న బోనస్ ఈ పరీక్షకు నిలవదు. ఒక పేజీ బోనస్ పాలసీ జనవరిలోనే రాసి సంతకం పెట్టుకుంటే ఈ తలనొప్పి సగం పోతుంది.

ఆడిటర్ సబబు కాదన్నంత మాత్రాన అదే చివరి మాటా కాదు. 2012లో సాయుధ బలగాల కాంట్రాక్ట్ అప్పీళ్ల బోర్డు ముందు జె.ఎఫ్. టేలర్ అనే కంపెనీ ఇదే విషయం మీద పోరాడి గెలిచింది. రక్షణ కాంట్రాక్టుల ఆడిట్ సంస్థ, అంటే డీసీఏఏ, సర్వేల సగటు తీసి, దాని మీద 10 శాతం వదిలి, ఆ పైదంతా సబబు కాదనేది. సర్వేల్లో జీతాలు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో పట్టించుకోకుండా అందరికీ అదే 10 శాతం గీత గీయడం గణాంక శాస్త్రం ప్రకారం తప్పని కంపెనీ తరఫు నిపుణుడు చూపించాడు, బోర్డు ఒప్పుకుంది. మీరు చేయాల్సింది అంత దూరం వెళ్లకముందే. జీతాలు ఖరారు చేసే ముందు మీ సైజు, మీ ప్రాంతం, మీ రంగానికి సరిపోయే రెండు మూడు జీతాల సర్వేలు కొనండి. మీ ఉద్యోగం సర్వేలోని ఏ ఉద్యోగానికి సరిపోతుందో, ఎందుకు సరిపోతుందో ఒక పేరా రాసి ఫైల్ చేయండి. ఆడిటర్ అడిగాక రాసిన పేరాకూ, ఆ ఏడాది తేదీ ఉన్న పేరాకూ చాలా తేడా ఉంటుంది.

7. మినహాయింపుల మీద ఆశ పెట్టుకోకండి

శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు, ఇతర నిపుణుల విషయంలో, వాళ్ల నైపుణ్యం ప్రభుత్వానికి తప్పనిసరి అనుకుంటే ఆ శాఖాధిపతి మినహాయింపు ఇవ్వొచ్చని చట్టంలో ఉంది. అది శాఖ నిర్ణయం, మీరు మీ ఇష్టంతో వాడుకునేది కాదు. మీ చీఫ్ డేటా సైంటిస్ట్ ఎంత గొప్పవాడైనా సరే, చేతిలో కాగితం లేకుండా మినహాయింపు లెక్క వేయకండి.

8. సబ్మిషన్‌లో పెట్టడం, సంతకం

ఇన్‌కర్డ్ కాస్ట్ సబ్మిషన్‌లో తీసేసిన మొత్తాలు జీ అండ్ ఏ, ఓవర్‌హెడ్ షెడ్యూళ్లలో విడిగా ఒక వరుసగా కనపడాలి, నెట్ అంకెలో కలిపేయకండి. పేరోల్ మొత్తాన్ని 941 ఫారాలతో (మూడు నెలలకోసారి ఇచ్చే పేరోల్ పన్ను ఫారాలు) సరిపోల్చే షెడ్యూల్ ఎల్ ఉంటుంది. పైన చెప్పిన బోనస్ ఏడాది తేడా అక్కడ బయటపడుతుంది, కాబట్టి దాన్ని వివరిస్తూ ఒక గమనిక పక్కనే పెట్టండి. క్యాప్ లెక్క షీట్‌ను అనుబంధ సమాచారంగా సిద్ధంగా ఉంచుకోండి, ఆడిట్‌లో అడుగుతారు.

సర్టిఫికెట్ మీద కనీసం వైస్ ప్రెసిడెంట్ గానీ చీఫ్ ఫైనాన్షియల్ ఆఫీసర్ గానీ సంతకం పెట్టాలి. క్యాప్ దాటిన జీతం నియమంలో పేరుపెట్టి మరీ చెల్లదన్న ఖర్చు. ఇలాంటిది సబ్మిషన్‌లో దొరికితే డబ్బు వెనక్కివ్వడంతో సరిపోదు, అంతే మొత్తం జరిమానా, పైన వడ్డీ. అదే ఖర్చును ఇదివరకే ఒకసారి చెల్లదని మీకు చెప్పి ఉంటే జరిమానా రెట్టింపు.

కానీ దారి ఒకటి ఉంది. ఆడిట్ అధికారికంగా మొదలుకాకముందే తప్పు మీరే కనిపెట్టి, సరిచేసిన సబ్మిషన్ ఇస్తే జరిమానా మాఫీ చేస్తారు. అందుకే జూలైలో, అందరూ ఊపిరి పీల్చుకున్న వారంలో, ఇంకొకరిచేత క్యాప్ షీట్ మొదటి నుంచి మళ్లీ వేయించమంటాను. మొదట వేసినవాళ్లు మళ్లీ వేస్తే అదే తప్పు మళ్లీ చేస్తారు.

9. ఏడాది మధ్యలో

ఈ పని జూన్‌కు వదిలేస్తే ఏడాదంతా బిల్లులు ఎక్కువ వేసి, చివర్లో వెనక్కివ్వాల్సి వస్తుంది. ప్రొవిజనల్ రేట్లు, అంటే ఏడాది మధ్య బిల్లులకు వాడే తాత్కాలిక రేట్లు పెట్టేటప్పుడే పై ఉద్యోగుల అంచనా జీతాలను ఆ ఏడాది క్యాప్ దగ్గర ఆపేయండి. కొత్త క్యాప్ ప్రకటన ఇంకా రాకపోతే పాతదాన్నే వాడి, వచ్చాక సవరించండి. ప్రపోజల్స్‌లో వేసే జీతాలకూ ఇదే పద్ధతి. కాస్ట్ రీయింబర్స్‌మెంట్ సబ్‌కాంట్రాక్టర్లు ఉంటే వాళ్లకూ ఇదే వర్తిస్తుందని ఒప్పందంలో రాయండి. వాళ్ల లెక్కలో క్యాప్ దాటితే ప్రశ్న ముందు వచ్చేది ప్రైమ్ కాంట్రాక్టర్‌గా మీ దగ్గరికే.

డిసెంబర్ మొదటి వారంలో, బోనస్‌ల మీటింగ్‌కు ముందు, ఈ షీట్ ఒకసారి తెరిచి చూడండి. ఎవరికి ఇచ్చే ప్రతి అదనపు డాలరూ పూర్తిగా కంపెనీ జేబులోంచే పోతుందో అప్పుడు తెలిస్తే యజమాని ఇంకోలా ఆలోచించొచ్చు. చాలామంది ఆలోచించరు, ఇవ్వాలనుకున్నది ఇచ్చేస్తారు. అది వాళ్ల డబ్బు, వాళ్ల ఇష్టం. ఆ అంకెను మాత్రం ఆ రోజే ఒక వరుసలో రాసి పెట్టుకుంటే, జూన్ మూడో వారంలో నాకు ఫోన్ చేసే పని ఉండదు.